పాప పరీక్షల కోసం ఆర్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మా పాపకు 9 ఏళ్లు. ఏడాదిగా కడుపునొప్పి, విరేచనాలు. ఐరన్ సిరప్ ఎంత తాగించినా హిమోగ్లోబిన్ పెరగడం లేదు. సీలియాక్ (గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు) కావచ్చని పిల్లల డాక్టర్ రక్తపరీక్ష రాశారు. ఈలోగా ఒక ల్యాబ్ వాళ్లు 200 రకాల ఆహారాలకు ఇన్‌టాలరెన్స్ (ఒంటికి పడకపోవడం) పరీక్ష, డైట్ చార్ట్ కలిపి 24,500 అంటున్నారు. ఎండోస్కోపీ చేయాల్సి వస్తే 18 వేలవుతుందని, ఒక రాత్రి అడ్మిట్ చేస్తే ఇన్సూరెన్స్‌లో వచ్చేస్తుందని ఆసుపత్రిలో చెప్పారు. మావారి జీతం 46 వేలు, కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది. పోస్టాఫీసు ఆర్‌డీ మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. అది తీసేయమంటారా? జబ్బు బయటపడకముందే సొంతంగా ఒక పాలసీ తీసుకోవాలా? మూడు వారాలుగా పాపకు చపాతీలు మాన్పించాం. – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఆర్‌డీ జోలికి వెళ్లకండమ్మా. మూడేళ్లు నిండాయి కాబట్టి మూసేయనిస్తారు, కానీ వడ్డీ ఆర్‌డీ రేటుకు కాకుండా పొదుపు ఖాతా రేటుకే కడతారు. అంత అవసరం ఇప్పుడు లేదు.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ఖరీదైన మాట చివర్న ఉంది. చపాతీలు మాన్పించారు. సీలియాక్ పరీక్ష వెతికేది గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. గోధుమ మానేస్తే అవి తగ్గిపోతాయి, జబ్బు ఉన్నా రిపోర్టు నార్మల్ అని రావచ్చు. పరీక్ష డబ్బులు పోవడమే కాదు, ఇంకో ఏడాది డాక్టర్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. రేపే ఆ డాక్టర్‌కు ఫోన్ చేసి, మూడు వారాలుగా మానేశామని చెప్పండి. మళ్లీ ఎన్ని వారాలు, రోజుకు ఎంత తినిపించాక రక్తం ఇవ్వాలో ఆయన చెబుతారు.

పరీక్ష పేరు టీటీజీ ఐజీఏ. దాంతోపాటు టోటల్ ఐజీఏ కూడా రాశారేమో చీటీలో చూడండి. ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ. కొందరికి ఒంట్లో అదే తక్కువ ఉంటుంది, అలాంటప్పుడు మొదటి పరీక్ష ఒక్కటే చేయిస్తే నెగెటివ్ వచ్చినా నమ్మడానికి లేదు. రెండూ కలిపి నెల జీతంలోంచే పెట్టుకోగలిగే ఖర్చు. పిల్లల విషయంలో ఇంకో సంగతి ఉంది. టీటీజీ మామూలు పరిమితికి పది రెట్లకు మించి ఉండి, రెండోసారి తీసిన రక్తంలో ఈఎంఏ అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్ వస్తే, ఎండోస్కోపీ లేకుండానే నిర్ధారించవచ్చని యూరప్ పిల్లల వైద్యుల మార్గదర్శకాలు 2020 నుంచి చెబుతున్నాయి. కాబట్టి ఆ 18 వేలు ఇప్పుడే లెక్కలో వేసుకోకండి.

ఇక ఆ 24,500. ఇలాంటి ప్యానెళ్లు సాధారణంగా కొలిచేది ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీని. అది ఒంటికి పడని తిండికి గుర్తు కాదు, తరచూ తింటున్న తిండికి గుర్తు. ఇన్‌టాలరెన్స్ తేల్చడానికి దీన్ని వాడొద్దని అమెరికా అలర్జీ వైద్యుల సంఘమే చెప్పింది. దాన్ని నమ్మి పాలు, గుడ్డు, పప్పు అన్నీ మాన్పిస్తే అసలే రక్తం లేని పిల్ల ఏం తిని పుంజుకుంటుంది? ఈఎంఐలో ఇస్తామన్నా వద్దు. పాలు పడటం లేదన్న అనుమానం ఉన్నా దాన్ని తర్వాత చూడొచ్చు. సీలియాక్ వల్ల పేగు దెబ్బతిని పాలు అరగకపోవడం మామూలే, పేగు కోలుకుంటే చాలామందికి అదీ సర్దుకుంటుంది.

ఒక రాత్రి అడ్మిషన్ మాటకు తలూపకండి. కేవలం పరీక్షల కోసం చేరితే క్లెయిమ్ ఇవ్వనక్కర్లేదన్న షరతు మన దేశంలో హెల్త్ పాలసీలన్నింటికీ దాదాపు ఒక్కటే. డిశ్చార్జ్ కాగితం చూడగానే క్లెయిమ్ తిప్పి కొడతారు, గది అద్దె కూడా మీ నెత్తినే పడుతుంది. ఎండోస్కోపీ తప్పదంటే, అది ఇన్సూరెన్స్‌లో వస్తుందా అని మీవారిని కంపెనీ హెచ్‌ఆర్‌కు ముందే ఒక మెయిల్ పెట్టమని చెప్పండి, జవాబు రాతపూర్వకంగా రావాలి.

సొంత పాలసీ తీసుకోండి, మంచిదే. కానీ దాచి తీసుకోకండి. గత 36 నెలల్లో నిర్ధారణ అయిందే కాదు, డాక్టర్ సలహా తీసుకున్నదీ ముందునుంచీ ఉన్న జబ్బు కిందికే వస్తుంది. మీ చేతిలో డాక్టర్ చీటీ ఉంది కదా! అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ జబ్బు క్లెయిమ్‌కు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి, అంతే. దాచినట్టు తేలితే రేపు వేరే జబ్బుతో చేరినా చిక్కే. పైగా సీలియాక్‌కు అసలు మందు తిండే కాబట్టి, ఆ మూడేళ్లలో మీరు పోగొట్టుకునేది పెద్దగా ఉండదు.

పన్ను విషయం ఒక్క ముక్క: పాత విధానంలో ఉంటే ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5,000 వరకు తగ్గింపు ఉంది, కొత్త విధానంలో లేదు. సీలియాక్ అని తేలితే మీ ఇద్దరికీ, తోబుట్టువులుంటే వాళ్లకూ అదే రక్తపరీక్ష చేయించమంటారు. ఆ రసీదులు ఉంచుకోండి.

ఒకవేళ సీలియాకే అయితే నెల ఖర్చు ఎంత పెరుగుతుందోనని భయపడకండి. గ్లూటెన్ లేని బ్రెడ్డు, బిస్కెట్ల ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, నిజమే. మన ఇంట్లో మాత్రం అన్నం, జొన్నరొట్టె, రాగిజావ, ఇడ్లీ, పెసరట్టు ఎప్పటినుంచో ఉన్నాయి. మానాల్సింది బొంబాయి రవ్వ, సేమియా, మైదా, బార్లీ మాల్ట్ కలిపిన పాల పొడులు. డబ్బా ఇంగువ వెనక చిన్న అక్షరాలు చదవండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. జొన్నలు గిర్నీకి తీసుకెళ్తే మీకంటే ముందు గోధుమలు ఆడించిన వాళ్ల పిండి అందులోకి వచ్చేస్తుంది. దానికి ఒక చిన్న మిక్సీ జార్ విడిగా కొనుక్కోండి. ఆర్‌డీ ముట్టకుండానే అయిపోతుంది.