రోటరు దగ్గర పొదుపు చేయకు, అమ్మలూ

సునాబెడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి, బెంగుళూరులో నలుగురు స్నేహితులతో కలిసి, ఇద్దరు కూర్చునే హెలికాప్టరును పెద్ద కారు ధరకు తయారు చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పి, ఎలాగైనా నిన్ను ఆపమని నన్ను బతిమాలింది. నాకు మనసు రాలేదు. 1964లో మిగ్-21 యుద్ధవిమానాల ఇంజన్ల కోసం ఇక్కడ పెట్టిన ఫ్యాక్టరీలో, ఎవరో గీసిన ఇంజన్లను విప్పి, పరీక్షించి, బిగించడంతోనే ఉద్యోగకాలమంతా గడిపిన నాకు, మన ఇంటి పిల్ల సొంతంగా ఒక యంత్రాన్ని గీస్తోందంటే గర్వంగా ఉంది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తేలికైన సంగతులు ముందు చెప్పేస్తాను. విమానాలకు అనుమతులిచ్చే డీజీసీఏ వారిని డ్రాయింగుల దశలోనే కలవండి. ఇంజను మీరు తయారు చేయకండి, అనుమతి ఉన్నదే కొనండి. పెట్టుబడి సంగతి నాకు తెలియదు.

నా భయమంతా ఒక్కటే: మీరు ధర ఎక్కడ తగ్గిస్తారు? ఈ దారిలో మీకంటే ముందు నడిచిన ఫ్రాంక్ రాబిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు 1973లో ఉద్యోగం మానేసి, ఇంట్లోనే కంపెనీ మొదలుపెట్టి, ఆర్-22 అనే రెండు సీట్ల హెలికాప్టరు తయారు చేశాడు. అది 1975లో ఎగిరింది, 1979లో అనుమతి పొందింది. రెండే బ్లేడ్లతో పైన తిరిగే తేలికైన రోటరు, చిన్న విమానాల్లో వాడే లైకమింగ్ పిస్టన్ ఇంజను కావడం వల్ల అది చవకగా వచ్చింది. అది గొప్ప పనే, నేను కాదనను. కానీ సొంత ప్రయాణాలకు కొనుక్కుంటారని ఆయన అనుకున్న యంత్రాన్ని, చవక కాబట్టి, ఫ్లయింగు స్కూళ్లు ఎగబడి కొన్నాయి. గాలిలో ఇంజను ఆగితే పైలట్ వెంటనే కలెక్టివ్‌ను, అంటే బ్లేడ్లన్నిటి వాలును ఒకేసారి మార్చే లివరును, దించాలి. అప్పుడు కింద నుంచి వచ్చే గాలే రోటరును తిప్పుతూ ఉంటుంది, క్షేమంగా దిగవచ్చు. బరువైన రోటరు తన వేగాన్ని కొంతసేపు నిలుపుకొని పైలట్‌కు ఆలోచించే వ్యవధి ఇస్తుంది. తేలికైన రోటరు ఆ వ్యవధిని ఒకటి రెండు సెకన్లకు మించి ఇవ్వదు. ఆ సెకను దాటితే బ్లేడ్లు పట్టు కోల్పోతాయి, ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేదు. పైగా ఊగే రెండు బ్లేడ్ల రోటరు ఉన్నప్పుడు పైలట్ చేతి కర్రను ఒక్కసారిగా ముందుకు తోస్తే, శరీరం తేలినట్టయ్యే ఆ క్షణంలో, బ్లేడ్లను కలిపి పట్టే హబ్, దాన్ని తిప్పే ఇరుసైన మాస్టుకు కొట్టుకొని మాస్టే తెగిపోవచ్చు. నేర్చుకునేవాడి చేతికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? ప్రమాదాలు జరిగాక, 1995లో, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వారు ఆర్-22, అదే కంపెనీ తర్వాత చేసిన ఆర్-44 నడిపేవారికి ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేశారు. శిక్షణ అవసరమే, కానీ పైలట్‌కు ఇంకొక సెకను డ్రాయింగు బల్ల దగ్గరే ఇవ్వవచ్చని నా అభిప్రాయం. బ్లేడు చివర బరువు పెంచితే హబ్‌ను బలంగా చేయాలి, మోసే బరువు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. పెరగనీ. మీరు అనుకున్నవాడే కొంటాడన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి.

చిన్నప్పుడు మా టేబుల్ ఫ్యాను విప్పి బిగించి, రెండు మరలు మిగిలితే, "తిరుగుతోంది కదా మావయ్యా" అని నాతో వాదించావు. వీపు మీద ఒకటి వేశాను, సాయంత్రం ఇక్కడికి దగ్గరలోని జయపురం తీసుకెళ్లి స్క్రూడ్రైవర్ల సెట్టు కొనిచ్చాను. ఆ మాట ఇప్పుడు నీ నోట రాకూడదు. రోటరు తిరగడం వేరు, వేల గంటలు అలసిపోకుండా తిరగడం వేరు. మేము ఇంజన్ బ్లేడ్లకు మెరిసే ద్రవం పూసి, చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద చూస్తే, పగటి వెలుతురులో నున్నగా కనిపించిన లోహం మీద వెంట్రుకంత గీత బయటపడేది. అలాంటి గీతకు భయపడడం నేర్చుకున్నవాణ్ని. అందుకే మీ బ్లేడ్లను విరిగేదాకా పరీక్షించు, ఎన్ని గంటలకు తీసి పారేయాలో పుస్తకంలో రాయి, జిగురుతో అతికించిన చోట్లను మరీ శ్రద్ధగా చూడు.

మరొకటి. మీ లెక్కలు సముద్రమట్టానికి వేసుకొని సంతోషపడకండి. మా సునాబెడ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎండ 35 డిగ్రీలు కాసే రోజున ఇక్కడి గాలి పలచబడి, యంత్రానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్నట్టే తోస్తుంది. లోపలికి గాలిని కుక్కే టర్బో లేని పిస్టన్ ఇంజను బలం తగ్గుతుంది, బ్లేడ్ల ఎత్తే శక్తీ తగ్గుతుంది. కొండ ఊళ్ల నుంచి రోగులను తేవాలని నీకు ఆశ ఉందట. అయితే ఇద్దరు మనుషులతో, మే నెల మధ్యాహ్నం, ఇక్కడ నిలకడగా గాలిలో నిలబడగలదా అన్నది ముందు తేల్చు.

మొదటిసారి నేలకు కట్టేసి గంటలకొద్దీ తిప్పండి. ఎగరడానికి అనుభవమున్న టెస్ట్ పైలట్‌ను పెట్టుకోండి, ఎంత అడిగినా ఇవ్వండి. నువ్వు ఎక్కకు, ఈ ఒక్క విషయంలో మావయ్యతో వాదించకు. దసరాకు వచ్చేటప్పుడు రోటరు పరీక్షల పుస్తకం తీసుకురా; మీ అమ్మకు నేను నచ్చజెప్పాలంటే ఆ అంకెలు నా చేతిలో ఉండాలి.

ఇట్లు,
మీ మావయ్య