చావైన పాపం లేకపోయినా తరచూ పాపసంకీర్తనం దేనికి?

పాపసంకీర్తనం అంటే కతోలికులు గురువు (ఫాదర్) దగ్గర తమ పాపాలు ఒప్పుకుని దేవుని క్షమ పొందడం. చావైన పాపం అంటే దేవునితో బంధాన్నే తెంచేసే ఘోరమైన పాపం. అది లేనప్పుడు పాపసంకీర్తనం తప్పనిసరి అయితే కాదు. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలన్న నియమం 1215లో రోములో జరిగిన కతోలిక పెద్దల సమావేశం, నాలుగో లాతరాను మహాసభ నుంచి ఉంది. అది చావైన పాపాలకే వర్తిస్తుంది. అయినా అంత ఘోరం కాని అల్పపాపాలను కూడా ఒప్పుకోమని శ్రీసభ (కతోలిక సంఘం) గట్టిగా ప్రోత్సహిస్తుంది.

అలవాటైపోయిన పాపం మన కంటికి ఆనదు: చాడీలు, విసుగు, ప్రార్థనలో బద్ధకం. ఏడాదికోసారి వెళ్తే "కోపం వచ్చింది ఫాదర్" అని గంపగుత్తగా చెప్పేస్తాం. నెలకోసారి వెళ్తే ఎవరి మీద, ఎందుకు అన్నది గుర్తుంటుంది. అదే పాపం మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చినప్పుడు దాని వేరు ఎక్కడుందో తెలుస్తుంది. పైగా ఇది వట్టి సలహా తీసుకోవడం కాదు, దివ్యసంస్కారం, అంటే దేవుని కృపను అందించే పవిత్ర కార్యం. క్షమతో పాటు ఆ పాపంతో పోరాడే వరప్రసాదమూ (దేవుడిచ్చే కృప) అందుతుంది. నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్ద కారణం. పోపు కూడా పదిహేను రోజులకోసారి పాపసంకీర్తనం చేస్తారని పోప్ ఫ్రాన్సిస్ 2013లో చెప్పారు.