పొలం అమ్మి జీసీఎఫ్ఏ రాయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ, నక్కలగుట్ట. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కంపెనీ సాక్ (కంప్యూటర్లపై దాడులను గమనించే విభాగం) టీమ్‌లో రెండేళ్లుగా చేస్తున్నాను, ఎక్కువగా నైట్ షిఫ్టులే. అలర్ట్ వస్తే టికెట్ వేసి పైవాళ్లకు పంపడమే తప్ప, ఆ మెషీన్‌లో అసలు ఏం జరిగిందో చూసే పని నా దాకా రావడం లేదు. డిజిటల్ ఫోరెన్సిక్స్ (కంప్యూటర్లలో ఆధారాలు వెతికే పని), ఇన్సిడెంట్ రెస్పాన్స్ (దాడి జరిగితే ఎదుర్కొనే పని) వైపు వెళ్లాలంటే జీసీఎఫ్ఏ అనే సర్టిఫికెట్ ఉండాలని సీనియర్లు అంటున్నారు. కోర్సు, పరీక్ష కలిపితే ఎనిమిది లక్షల దాకా అవుతోంది. నాన్న పరకాల దగ్గరున్న 20 గుంటల పొలం అమ్ముతానంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పొలం అమ్మొద్దు చెల్లెమ్మా. ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఆ మాట చెప్పండి, మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

జీసీఎఫ్ఏ మంచి సర్టిఫికెట్, అందులో అనుమానం లేదు. దాన్ని ఇచ్చేది జియాక్ అనే సంస్థ, దానికి తగ్గ కోర్సు సాన్స్ ఇన్‌స్టిట్యూట్‌ది. ఒక్క కోర్సు ఫీజే 8 వేల డాలర్ల పైన ఉంటుంది. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల కోసం కట్టే ఫీజు అది, మన ఇళ్లలో ఒక మనిషి సొంతంగా భరించేది కాదు. పైగా ఆ సర్టిఫికెట్ నాలుగేళ్లే చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. పొలం పోతే మాత్రం మళ్లీ రాదు.

మీకు ఇప్పుడు కావలసింది చేతికి పని అలవాటు కావడం, దానికి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 'హ్యాకింగ్ కేస్' పేరుతో ఒక ల్యాప్‌టాప్ డిస్క్ ఇమేజ్‌ని (డిస్క్ మొత్తానికి అచ్చు కాపీని), దానితో పాటు ముప్పైకి పైగా ప్రశ్నలను ఉచితంగా పెట్టింది. 2004లో ఎవరో వదిలేసిపోయిన డెల్ ల్యాప్‌టాప్ దొరికిందనేది అందులో కథ. మొదటి ప్రశ్నే హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) సరిపోయిందా లేదా అని. ఆటోప్సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఇమేజ్ తెరిచి, జవాబులు చూడకుండా ఒక్కో ప్రశ్నకూ మీరే ఆధారం వెతికి, ఎక్కడ దొరికిందో నోట్‌బుక్‌లో రాసుకోండి, నెల పట్టినా ఫరవాలేదు. ఆ సిస్టమ్ పాత విండోస్ ఎక్స్‌పీ కదా అని తీసిపారేయకండి, వెతికే పద్ధతి నేర్పడానికి అది చాలు. ఆ తర్వాత కొత్త విండోస్ ఇమేజ్‌లు, మెమరీ పరిశీలించడానికి వొలటిలిటీ అనే సాఫ్ట్‌వేర్.

సాక్‌లో ఉన్నారు కాబట్టి విండోస్ లాగ్‌లో 4624 అంటే లాగిన్ అని, అందులో టైప్ 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్ అని మీకు తెలుసు. ఫోరెన్సిక్స్ మొదలయ్యేది సరిగ్గా అక్కడి నుంచే. లాగిన్ అయినవాడు తర్వాత ఏ ప్రోగ్రామ్ నడిపాడు? విండోస్ 8 నుంచి ప్రీఫెచ్ ఫైలులో ఒక ప్రోగ్రామ్ నడిచిన చివరి ఎనిమిది సమయాలు ఉంటాయి. ఫైలు తేదీ మార్చి పాతదిలా చూపించాడా? ఎంఎఫ్‌టీలో (డిస్క్‌లోని ఫైళ్లన్నిటి పట్టికలో) ఒకే ఫైలుకు రెండు జతల సమయాలు ఉంటాయి, దొంగ మామూలుగా ఒక జతనే మారుస్తాడు, రెండోదాన్ని మార్చడం అంత తేలిక కాదు, కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అబద్ధం బయటపడుతుంది. జీసీఎఫ్ఏలో అడిగేది కూడా ఈ తరహా పనే.

ఒక సంగతి చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కంపెనీ సర్వర్ కేసు చూశాను. లాగ్‌లో 20:40 అని ఉంటే రాత్రి ఎనిమిదీ నలభై అని రిపోర్టులో రాసేశాను. ఆ టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. మన టైముకు ఐదున్నర గంటలు కలిపితే అది తెల్లవారుజామున 2:10. సాయంత్రం షిఫ్టులో ఉన్న ఒక కుర్రాడిని రెండు రోజులు అందరూ అనుమానంగా చూశారు, అతనికి ఆ సంగతితో ఏ సంబంధమూ లేదు. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుని రిపోర్టు మార్చాను. అప్పటి నుంచి ఏ టైమ్‌లైన్ రాసినా మొదటి వరుసలో ఏ టైమ్ జోనో రాస్తాను. ఇది ఏ సర్టిఫికెట్ వల్లా రాలేదు, అందుకే ముందు చేత్తో చేయమంటున్నాను.

ఆరు నెలలు ఇలా చేశాక చిన్న సర్టిఫికెట్ ఒకటి తీసుకోండి. బీటీఎల్1 అని ఉంది, దాని ఖర్చు మీరు చెప్పిన మొత్తంలో పదో వంతు కూడా ఉండదు. పరీక్ష 24 గంటల ప్రాక్టికల్: దాడి జరిగిన సిస్టమ్‌లను మీ ముందు పెడతారు, ఎలా జరిగిందో మీరే తవ్వి తీయాలి. మీ పనికి అది సరిగ్గా సరిపోతుంది.

ఆఫీసులో కూడా ఒకటి అడగండి. మూసేసిన ఇన్సిడెంట్లలో ఒకటి ఇవ్వమని మేనేజర్‌ని అడిగి, దానికి మొదటి నుంచి చివరి దాకా టైమ్‌లైన్ రాసి చూపించండి. అర్ధరాత్రి పెద్ద ఇన్సిడెంట్ పడినప్పుడు సీటులో ఉండేది నైట్ షిఫ్టు వాళ్లే, ఆ అవకాశం పగటి షిఫ్టు వాళ్లకు దొరకదు. అలాంటివి రెండు మూడు చేసి చూపించాక జీసీఎఫ్ఏ ఖర్చు కంపెనీని అడగండి. వాళ్లు కాదంటే, సాన్స్ శిక్షణ జరిగేచోట సాయంగా పనిచేసి తక్కువ ఫీజుతో కోర్సు చేసే వర్క్ స్టడీ పద్ధతి కూడా ఉంది, దానికి దరఖాస్తు పెట్టండి.

ఆ రోజు వచ్చినప్పుడు పనికొచ్చే మాట ఒకటి. జీసీఎఫ్ఏ పరీక్షకు పుస్తకాలు లోపలికి తీసుకెళ్లనిస్తారు కానీ అన్నీ కాగితం మీదే ఉండాలి. 82 ప్రశ్నలకు మూడు గంటలు, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాల పైచిలుకు, కొన్ని ప్రశ్నలకు నిజమైన మెషీన్ మీద పనిచేసి జవాబు తేవాలి. పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే టైమ్ చాలదు. అందుకే ఇండెక్స్ రాసుకుంటారు: మాట, ఏ పుస్తకం, ఏ పేజీ, పక్కన ఒక ముక్కలో అర్థం. స్నేహితుల దగ్గర తెచ్చుకున్న ఇండెక్స్ ఎంత బాగున్నా మీకు పనిచేయదు, ఎందుకంటే రాస్తున్నప్పుడే సగం విషయం తలకెక్కుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా రైల్లో రెండు గంటలు దొరుకుతాయిగా, అలవాటు ఇప్పుడే మొదలుపెట్టండి. ఆర్ఎఫ్‌సీ 3227 అని 2002 నాటి చిన్న పత్రం ఉంది, ఏ ఆధారం ముందు సేకరించాలో చెబుతుంది. కరెంటు పోతే పోయే మెమరీ ముందు, డిస్క్ తర్వాత. మొదటి ఇండెక్స్ దానికే రాయండి.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సీహెచ్ఎఫ్ఐ అనే ఫోరెన్సిక్స్ సర్టిఫికెట్ చేయించి జాబ్ గ్యారంటీ అంటున్నారు, లక్షా అరవై వేలు కట్టమంటున్నారు. కట్టొచ్చా?
— ఒక తండ్రి, జనగామ

జవాబు: వద్దండీ. సీహెచ్ఎఫ్ఐ ఇచ్చేది ఈసీ కౌన్సిల్. నాలుగు గంటల్లో 150 ప్రశ్నలు, అన్నీ ఇచ్చిన జవాబుల్లోంచి సరైనది గుర్తించేవే. పాస్ కావడం తప్పేమీ కాదు, పాసైనంత మాత్రాన ఉద్యోగం వస్తుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏ కంపెనీలో, ఎంత జీతానికి, రాకపోతే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, అక్కడే తేలిపోతుంది. 'ప్రశ్నలు ముందే ఇస్తాం' అన్నారంటే ఆ గడప దిగి వచ్చేయండి, అలా రాశారని తెలిస్తే సర్టిఫికెట్ రద్దవుతుంది, అబ్బాయి పేరు చెడుతుంది.

ఆ డబ్బులో కొంత పెట్టి 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొనివ్వండి. నెట్‌వర్కింగ్, లైనక్స్ ఆరు నెలలు గట్టిగా నేర్చుకోమనండి. పైన అమ్మాయికి చెప్పిన కేసు మీవాడు కూడా చేయొచ్చు. ల్యాబ్‌లో చేయాలనే ఆశ ఉంటే గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో డిజిటల్ ఫోరెన్సిక్స్ ఎమ్మెస్సీ ఉంది, ఎంట్రెన్స్ రాయించండి.

ప్రశ్న: వరంగల్‌లో జూనియర్ వకీలుని. క్లయింట్ సీసీటీవీ వీడియో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చారు. కోర్టుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ రాయాలంటున్నారు. అది నేను చేయగలనా, ఈ కోర్సులు చేసినవాళ్లే చేయాలా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పాత సాక్ష్య చట్టంలోని 65బీ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 వచ్చింది. దాని షెడ్యూల్‌లో సర్టిఫికెట్ రెండు భాగాలు. పార్ట్ ఏ ఆధారం ఇస్తున్న పక్షం నింపాలి, పార్ట్ బీ నిపుణుడు నింపాలి, రెండింటిలోనూ హ్యాష్, అది ఏ పద్ధతిలో తీశారో రాయాలి. హ్యాష్ తీయడానికి మీకు ఏ కోర్సూ అక్కర్లేదు, విండోస్‌లోనే సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఉంది, షా256 అనే పద్ధతి ఎంచుకోండి. పార్ట్ బీ సంతకం మాత్రం మీరు పెట్టకండి, ఈ పని తెలిసిన మనిషితోనే పెట్టించండి.

ఆ వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎలా వచ్చిందో క్లయింట్‌ని అడగండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా ఒకసారి తిరిగి వచ్చినదైతే అది కుదించిన వీడియో, దాని హ్యాష్ అసలుతో కలవదు. అప్పుడు డీవీఆర్ (సీసీటీవీని రికార్డు చేసే పెట్టె) దగ్గరికే వెళ్లాలి, అది కూడా త్వరగా, ఎందుకంటే హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. ఇద్దరు సాక్షుల ముందు కాపీ చేసి, పంచనామా రాసినట్టే ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎన్నింటికి వెళ్లిందో రాయండి. డీవీఆర్ గడియారాలు చాలాచోట్ల తప్పు టైమ్ చూపిస్తుంటాయి. కాబట్టి వెళ్లగానే ఆ స్క్రీన్ మీది టైమ్, పక్కనే మీ ఫోన్‌లోని టైమ్ రెండూ కనబడేలా ఒక ఫోటో తీసి పెట్టుకోండి.