షేక్‌స్పియర్ 'హామ్లెట్' కథతో వచ్చిన సినిమాల్లో పగనీ లంచగొండితనాన్నీ బాగా చూపించింది ఏది?

అందరూ హిందీ 'హైదర్' అంటారని తెలుసు. మంచి సినిమానే, కాదనను. కానీ లంచాల సంగతి కూడా అడిగారు కాబట్టి నా ఓటు జపాన్ దర్శకుడు అకిరా కురోసావా 1960లో తీసిన 'ద బ్యాడ్ స్లీప్ వెల్'కే. కురోసావా అంటే కత్తులూ గుర్రాలే అనుకునేవాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీ. ఇందులో హీరో తోషిరో మిఫునే కోటూ కళ్ళద్దాలూ పెట్టుకుని ఒక ప్రభుత్వ కార్పొరేషన్‌లో పెద్దాయనకి సెక్రటరీగా ఉంటాడు. ఆయన కూతుర్నే పెళ్ళి చేసుకుంటాడు.

ఆ పెళ్ళిలోకి ఆఫీసు బిల్డింగ్ ఆకారంలో ఒక కేకు వస్తుంది. ఏడో అంతస్తు కిటికీలో గులాబీ. ఐదేళ్ళ కిందట ఆ కిటికీలోంచే ఒక ఉద్యోగి దూకి చనిపోయాడు, లంచాల కేసులో పైవాళ్ళ పేర్లు బయటికి రాకుండా. పెళ్ళికొడుకు అతని కొడుకే. హామ్లెట్ తన తండ్రిని చంపిన బాబాయి మొహంలో నిజాన్ని నాటకం ఆడించి రాబట్టాడు, ఇక్కడ హీరో కేకుతో రాబట్టాడు.

దీన్ని మా నాన్నతో కలిసి చూశాను. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఆయనకి అందవు. (పాత సినిమాలకి తెలుగు సబ్‌టైటిల్స్ వేసే పుణ్యాత్ముడే లేడు.) పక్కన కూర్చుని నేనే చెబుతూ వచ్చాను. వాదా అనే చిన్న అధికారి చనిపోయాడని లోకం అనుకుంటుంది. హీరో అతన్ని కార్లో కూర్చోబెట్టి అతని అంత్యక్రియలే చూపిస్తాడు. అక్కడ పైఅధికారులు వంగి దండాలు పెడుతుంటే, ఇక్కడ టేప్‌లో వాళ్ళే వాదా చావు గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. నాన్న "ఆపు" అన్నారు. లేచి మంచినీళ్ళు తాగొచ్చి "ఊఁ, పెట్టు" అన్నారు.

ఆయన సీనియర్ అసిస్టెంట్‌గా రిటైరయ్యారు. జరగని పనికి బిల్లు పాసైతే పదకొండు నెలలు సస్పెన్షన్‌లో ఉన్నది ఆయనే. ఫైల్లో ఆయన సంతకం ఉంది, పంపించమని చెప్పిన పైఅధికారిది నోటిమాట. "నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటా" అని ఆ అధికారి రాత్రిళ్ళు ఫోన్ చేసేవాడు. చూసుకున్నాడు, ప్రమోషన్ మీద వెళ్ళిపోయాడు.

సినిమా చూడనివాళ్ళు ఇక్కడ ఆపేయండి. మన దగ్గరైతే క్లైమాక్స్‌లో హీరో అందర్నీ నరికేవాడు. ఇక్కడ హీరో చావుని కూడా చూపించరు, స్నేహితుడు చెప్తాడు, అంతే. ఆఖర్న ఆ మామగారు, అన్నిటికీ మూలం అనుకున్న మనిషి, ఎవరికో ఫోన్ చేసి ఖాళీ గదిలో వంగి వంగి మాట్లాడతాడు. తెల్లారిపోయినా గుడ్ నైట్ చెప్తాడు.

నాన్న పెద్దగా నవ్వారు. "వీడూ గుమస్తానేరా! నేనూ అంతే, ఆయన ఫోనొస్తే ఇంట్లో లుంగీ మీదున్నా లేచి నిలబడేవాణ్ణి" అన్నారు. కాసేపాగి, "అవతల ఉన్నది ఎవరు?" అని అడిగారు.

చూపించలేదు నాన్నా, అన్నాను.