రెజ్యూమె రాసిపెట్టే సంస్థను ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న: 20 ఏళ్ల అనుభవంతో ఉన్నత పదవికి ప్రయత్నిస్తున్నాను. రెజ్యూమె రాసిపెట్టే సంస్థల్లో దేన్ని నమ్మాలి?

జవాబు: డబ్బు కట్టే ముందే, మీ రెజ్యూమెను స్వయంగా రాయబోయే వ్యక్తితో మాట్లాడనిస్తారో లేదో కనుక్కోండి. ఒక ఫారం నింపించుకుని సరిపెట్టే సంస్థకన్నా, మీరు ఎంతమందిని నడిపించారు, ఎంత బడ్జెట్‌కు బాధ్యత వహించారు, మీ నిర్ణయాలవల్ల ఏం మారింది అని గుచ్చి గుచ్చి అడిగే రచయితే మేలు. ఉన్నత పదవులకు ఎంపిక చేసేవారు ముఖ్యంగా వెతికేది ఆ ఫలితాలనే. పేర్లు తొలగించిన పాత నమూనాలు అడిగి చూడండి, అన్నీ ఒకే మూసలో ఉంటే వదిలేయండి. ఉద్యోగం ఖాయమని ఎవరైనా హామీ ఇస్తే దయచేసి నమ్మవద్దు, అది వారి చేతిలో లేదు. సవరణలు ఎన్నిసార్లు చేస్తారో, మీ వివరాలను ఎలా గోప్యంగా ఉంచుతారో రాతపూర్వకంగా తీసుకోండి. చివరి ప్రతిని మీరే మార్చుకోగల వర్డ్ ఫైలుగా అడగండి.