టెక్ సందేహాలు: జర్మన్ వాక్యానికి తెలుగు దారే దగ్గర

ప్రశ్న: నేను కరీంనగర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. జర్మనీలో ఉద్యోగానికి ప్రయత్నిస్తూ, నాలుగు నెలలుగా ఫోన్‌లో ఒక యాప్ ద్వారా జర్మన్ నేర్చుకుంటున్నాను. తెర మీద ఇచ్చిన మాటలను వరుసలో పెట్టగలుగుతున్నాను కానీ, సొంతంగా ఒక వాక్యం రాయాలంటే చేయి ఆడడం లేదు. యాప్ మార్చమంటారా?

జవాబు: యాప్ మార్చనవసరం లేదు, దాన్ని వాడే పద్ధతి మార్చుకుంటే చాలు. మాటలను తెర మీద పేర్చినప్పుడు ఏయే మాటలు కావాలో యాప్ ముందే ఎంచిపెడుతుంది కనుక, వాక్యం కట్టడంలో అసలు కష్టమైన సగం పని మీకు తెలియకుండానే అది చేసేస్తోంది. పైగా ఇలాంటి యాప్‌లలో చాలావాటిలో పాఠం ఇంగ్లిష్ మీదుగా నడుస్తుంది. మీరు తెలుగులో అనుకున్నదాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి, అక్కడి నుంచి జర్మన్‌లోకి తీసుకెళ్తున్నారు. ఆ చుట్టుదారి మీకు అక్కర్లేదు. వాక్యంలో మాటల వరుస విషయంలో జర్మన్‌కు ఇంగ్లిష్ కంటే తెలుగే దగ్గరగా ఉండే సందర్భాలు చాలా ఉన్నాయి.

ఒక వాక్యాన్ని తీసుకుందాం. “నేను రేపు బస్సులో హైదరాబాద్ వెళ్తాను.” మొదట ఎవరు, తరువాత ఎప్పుడు, ఆపైన ఎలా, ఆ తరువాత ఎక్కడికి, చివర క్రియ. ఇప్పుడు చివరనున్న “వెళ్తాను” ఒక్కదాన్నే తీసి రెండో స్థానంలో పెట్టండి: “ఇష్ ఫారె మోర్గెన్ మిట్ డేమ్ బుస్ నాఖ్ హైదరాబాద్.” మిగిలిన మాటలేవీ కదలలేదు. ఇంగ్లిష్‌లో అయితే ఊరు ముందుకు, “రేపు” చివరికి వెళ్లిపోతాయి. అందుకే ఇంగ్లిష్ మీదుగా వచ్చేవారు ఈ వరుస దగ్గర తడబడతారు. “రేపు” అన్న మాటతో మొదలుపెట్టాలనుకుంటే “మోర్గెన్ ఫారె ఇష్...” అనాలి. గుడిసెకు నిట్రాడులాగా క్రియ రెండో స్థానంలో పాతుకుని ఉంటుంది, తక్కినవి దాని చుట్టూ జరుగుతాయి.

“వెళ్లాలి” అన్నప్పుడు ఏమవుతుందో గమనించండి: “ఇష్ ముస్ మోర్గెన్ మిట్ డేమ్ బుస్ నాఖ్ హైదరాబాద్ ఫారెన్.” తప్పనిసరి అని చెప్పే “ముస్” రెండో స్థానాన్ని తీసుకోగానే, “వెళ్లడం” అనే అర్థమున్న “ఫారెన్” మన తెలుగులోలాగే వాక్యం చివరికి వచ్చి కూర్చుంది. ఇక “ఎందుకంటే” అనే అర్థమిచ్చే “వైల్” వచ్చిందంటే, ఆ తరువాతి వాక్యభాగంలో వరుస పూర్తిగా తెలుగుదే: “వైల్ ఇష్ మోర్గెన్ మిట్ డేమ్ బుస్ నాఖ్ హైదరాబాద్ ఫారె.” ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు నెలల తరబడి కుస్తీ పట్టే ఈ నియమం మీకు పుట్టుకతోనే వచ్చింది. దాన్ని ఇంగ్లిష్ చాటున దాచేసుకోవడం ఎంత నష్టమో ఆలోచించండి.

చలి వేస్తే జర్మన్లు “మీర్ ఇస్ట్ కల్ట్” అంటారు. ఇందులో “మీర్” అంటే “నాకు”. అచ్చంగా మన “నాకు చలిగా ఉంది” అన్న పద్ధతే. ఇంగ్లిష్‌ను అనుకరించి “ఇష్ బిన్ కల్ట్” అంటే, నేను మనసులో ఆర్ద్రత లేని మనిషిని అన్న అర్థం వస్తుంది. రోగితో మాట్లాడవలసిన నర్సు నోట ఆ మాట రాకూడదు. అయితే తెలుగును గుడ్డిగా నమ్మకూడని చోటు కూడా ఒకటుంది. “నేను నర్సును” అన్న తెలుగు వాక్యంలో క్రియ కనిపించదు. జర్మన్‌లో “బిన్” లేకుండా ఆ వాక్యం నిలవదు: “ఇష్ బిన్ ప్ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ.” జర్మనీలో 2020లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం మహిళా నర్సు వృత్తినామం ఇదే. పాత పాఠాలలో కనిపించే “క్రాంకెన్‌ష్వెస్టర్” అందరికీ అర్థమవుతుంది కానీ, మీ దరఖాస్తులో కొత్త పేరే రాయండి.

ఇక పరికరాల సంగతి. అనువాద యాప్‌లో తెలుగు వాక్యం పెట్టి జర్మన్‌ను నకలు చేసుకోవడం మానండి. తెలుగు నుంచి జర్మన్‌కు వెళ్లే దారిలో ఇంగ్లిష్ అడ్డుపడితే “నువ్వు”, “మీరు” అన్న తేడా మాయమవుతుంది. జర్మన్‌లో “డూ”, “జీ” మధ్య తేడా సరిగ్గా అదే కనుక, పై అధికారిని “డూ” అని పిలిచే ప్రమాదం ఉంది. రోజూ మీ డ్యూటీ గురించి ఐదు వాక్యాలు సొంతంగా రాసి, లాంగ్వేజ్‌టూల్ అనే ఉచిత తనిఖీ సాధనంలో పెట్టి చూడండి. భాషను దాని ఊహకు వదలకుండా జర్మన్ అని మీరే ఎంచుకోండి, ఎందుకంటే చిన్న వాక్యాన్ని చూసి అది వేరే భాష అని పొరబడవచ్చు. చాట్‌బాట్‌ను అడిగేటట్లయితే, “వాక్యాన్ని సరిదిద్దవద్దు, తప్పు ఏ మాట దగ్గర ఉందో మాత్రం చూపండి” అని తెలుగులోనే అడగండి. దిద్దిన వాక్యాన్ని చదివితే అర్థమైనట్లే ఉంటుంది కానీ, మీరే దిద్దుకున్నదే గుర్తుంటుంది. జర్మన్ భాషా పరీక్షలు నిర్వహించే గోతె సంస్థవారి ఏ1, అంటే ప్రారంభ స్థాయి పరీక్షలో రాయవలసిన చిన్న సందేశం సుమారు 30 మాటలు మాత్రమే. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో నమూనా ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి.

ప్రశ్న: లాప్‌టాప్‌లో జర్మన్ చుక్కల అక్షరాలు టైప్ చేయడం ఎలా? జర్మన్ కీబోర్డు పెట్టుకుంటే వై, జెడ్ తారుమారవుతున్నాయి.

జవాబు: జర్మన్ కీబోర్డులో ఆ రెండు అక్షరాల స్థానాలు మారి ఉండడం లోపం కాదు, అక్కడి పద్ధతే అది. విండోస్‌లో భాషల సెట్టింగ్స్‌కు వెళ్లి, ఇంగ్లిష్ కింద “యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్” అనే కీబోర్డును చేర్చుకుంటే మీ చేతికి అలవాటైన వరుస చెదరదు. జంట కొటేషన్ గుర్తు నొక్కి, వెంటనే ఏ, ఓ, యూ అక్షరాలలో ఒకటి నొక్కితే దాని మీద చుక్కలు వస్తాయి. కుడివైపు ఆల్ట్ పట్టుకుని ఎస్ నొక్కితే, జంట ఎస్‌కు బదులు వాడే ఎస్‌త్సెట్ అక్షరం వస్తుంది. మామూలు కొటేషన్ గుర్తే కావాలనుకుంటే దాన్ని నొక్కిన తరువాత స్పేస్ నొక్కాలి. ఇది ఒకటి రెండు రోజులు చిరాకుగానే ఉంటుంది. చుక్కలు ఎలా పెట్టాలో తెలియక వదిలేయడం మాత్రం మంచిది కాదు: “ష్యోన్” అంటే అందమైనది, చుక్కలు లేని “షోన్” అంటే అప్పటికే అని అర్థం. తప్పనిసరి పరిస్థితిలో చుక్కలకు బదులు ఆ అక్షరం పక్కన ఇంగ్లిష్ “e” చేర్చి రాయడం జర్మన్లకూ అలవాటే.

ప్రశ్న: నా ఉచ్చారణ సరిగా ఉందో లేదో ఫోన్‌తో తెలుసుకోవచ్చా?

జవాబు: కొంతవరకు తెలుసుకోవచ్చు. గూగుల్ కీబోర్డు యాప్ అయిన జీబోర్డ్‌లో జర్మన్‌ను చేర్చుకుని, మైకు గుర్తు నొక్కి మీ వాక్యం చదవండి. మీరు అన్నది అన్నట్లుగా తెర మీద పడితే వినేవారికీ అర్థమయ్యే అవకాశం ఎక్కువ. అయితే చుట్టుపక్కల మాటలను బట్టి ఫోన్ తప్పును తానే సర్దుకోగలదు కనుక, విడిమాటలతో కూడా పరీక్షించుకోండి. నేను పైన “ఇష్” అని రాసిన మాటలోని చివరి ధ్వని నిజానికి మన “ష”కూ “హ”కూ నడుమ ఉంటుంది, తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. దాన్ని మాత్రం ఫోన్ తీర్పుకు వదలకుండా, జర్మన్ మాట్లాడేవారి గొంతు విని, మీ గొంతు రికార్డు చేసుకుని, రెండింటినీ పక్కపక్కన పెట్టి వినండి.