అసలు ప్రతి ముందు నిలబడితే రాజుతోపాటు ఫోటో తీసినవాడూ కనిపిస్తాడు

పాత నవాబుల, సంస్థానాధీశుల ఫోటోలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో కావలసినంత పెద్దవిగా, స్పష్టంగా దొరుకుతున్నాయి కదా, వాటి అసలు ప్రతులను చూడడానికి పనిగట్టుకుని మ్యూజియందాకా వెళ్ళడం దండగ కాదా, వెళ్ళి చూసినవాళ్ళు ఎవరైనా చెప్పండి అని మీరు అడిగారు. నేను కర్నూలు వాణ్ణి. మీకున్న అనుమానమే నాకూ ఉండేది. మా మేనమామతో కలిసి హైదరాబాద్‌లో ఒక మ్యూజియంలో అటువంటి ప్రదర్శన చూసిన తర్వాత నా అభిప్రాయం మారింది. అయితే పూర్తిగా మారిందని చెప్పలేను, కొంత మినహాయింపు ఉంది, దాన్నీ చెబుతాను.

ముందు మా మామ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే నేను చూసినదానిలో సగం ఆయన చూపించినదే. కొండారెడ్డి బురుజుకు దగ్గరలో ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ఫోటో స్టూడియో నడిపి, డిజిటల్ కెమెరాలు వచ్చాక మూసేశారు. పెళ్ళిచూపులకు పంపే ఆడపిల్లల ఫోటోల నెగటివ్‌ల మీద, అంటే నలుపు తెలుపులు తారుమారుగా ఉండే మూల ప్రతుల మీద, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో టచింగ్ చేసి మచ్చలూ ముడతలూ పోగొట్టడంలో ఆయనకు మంచి పేరుండేది. ప్రదర్శన సంగతి పేపర్లో చూసి నేను రమ్మంటే, "రాజుల ఫోటోలు చూసి మనమేం చేస్తామప్పా" అని మొదట విసుక్కున్నారు. చివరికి ఒకరోజు పొద్దున రైల్లో బయలుదేరాం.

దారిలో ఆయనతో ఒక మాట అన్నాను. కర్నూలు వాళ్ళకు మన నవాబు ఫోటో చూసే యోగం లేదు. ఫోటో తీసే పద్ధతిని పారిస్‌లో ప్రపంచానికి ప్రకటించింది 1839లో, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఈస్టిండియా కంపెనీ పట్టుకుని తిరుచిరాపల్లికి తరలించిందీ ఆ ఏడాదే, మరుసటి సంవత్సరం ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. కెమెరా మన దేశంలో నిలదొక్కుకునేసరికి కర్నూలు గద్దె లేదు. పక్కనే ఉన్న బనగానపల్లె సంస్థానం మాత్రం 1948లో విలీనమయ్యే వరకు నిలిచింది కాబట్టి అక్కడి నవాబులకు కెమెరా ముందు కూర్చునే కాలం దక్కింది. మామ కాసేపు ఆలోచించి, "అంటే మామిడిపండుతోపాటు ఫోటో కూడా వాళ్ళకే" అన్నారు.

ఇక ప్రదర్శన విషయానికి వస్తే, లోపలికి అడుగుపెట్టగానే కలిగేది నిరాశేనని నిజాయితీగా చెప్పాలి. గదిలో వెలుతురు బాగా తక్కువ. పాత కాగితం, పాత ఫోటో ముద్రలు (ప్రింట్లు) వెలుతురుకు పాడవుతాయి కాబట్టి మ్యూజియంలలో సాధారణంగా 50 లక్స్ (వెలుతురును కొలిచే కొలత) దగ్గరే దీపాలను ఆపుతారు. ఎండలో నుంచి వచ్చిన కళ్ళకు అది చీకటిలాగే ఉంటుంది, అలవాటు పడడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. రెండో నిరాశ పరిమాణం. ఫోన్‌లో వేళ్ళతో పెద్దది చేసి చూసిన మహారాజు ఇక్కడ అరచేతి కంటే కొంచెం పెద్ద అట్ట మీద ఉంటాడు. క్యాబినెట్ కార్డు అని పిలిచే ఆ అట్ట సుమారు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తు. అంతకు ముందు వాడుకలో ఉన్న కార్ట్ ద విజిట్ అయితే మన విజిటింగ్ కార్డు కంటే కాస్త పొడవు, అంతే. కాబట్టి ఎంతటి ప్రభువునైనా వంగి చూడాలి. గాజు మీద మన ముఖమే ముందు కనబడుతుంది, పక్కకు జరిగితే గానీ ఆయన ముఖం కనబడదు. మామ రెండు మూడు ఫ్రేముల ముందు ఇలా జరిగి జరిగి, "దీనికా ఇంత దూరం వచ్చింది" అన్నట్టు నా వైపు చూశారు.

ఆయన మనసు మార్చిన ఫోటో ఒక సంస్థానాధీశుడిది. ఎవరో గుర్తించలేదని పక్కన చీటీలో రాశారు. కుర్చీలో కూర్చుని, ఒక చేయి బల్ల మీద ఆనించి, మెడలో మూడు వరుసల హారంతో ఉన్నాడు. వెనుక ఒక స్తంభం, తోట, మేఘాలు గీసిన తెర. మామ ఆ ముఖాన్నీ చేతినీ మార్చి మార్చి చూసి, "ముఖానికి పాతికేళ్ళు, చేతికి యాభై ఏళ్ళు" అన్నారు. నిజమే. బుగ్గల మీద, కళ్ళ కింద ఒక్క ముడతయినా లేదు, చేతి మీద మాత్రం నరాలు లేచి, వేళ్ళ కణుపుల దగ్గర చర్మం మడతలు పడి ఉంది. నెగటివ్ మీద ముఖం వరకు పెన్సిల్ పని చేసి, చేతిని వదిలేశారని ఆయన క్షణంలో పట్టేశారు. "ముఖానికే కదా డబ్బులిచ్చేది" అని ఆయన నవ్వడం నాకు బాగా గుర్తుంది. ఈ తేడా ఫోన్ తెర మీద నాకు ఎన్నడూ కనబడలేదు, ఎందుకంటే అక్కడ నేను ఎప్పుడూ ముఖాన్నే పెద్దది చేసి చూశాను. అసలు ప్రతిలో ముఖమూ చేయీ ఒకే చూపులో పడతాయి.

ఆ ఫోటోలోనే ఇంకొకటి. కుర్చీ వెనుక కాలికీ రాజుగారి చెప్పుకూ మధ్య నుంచి ఇనుప దిమ్మె అంచు ఒకటి బయటికి వచ్చి ఉంది. అది తల కదలకుండా వెనుక నుంచి పట్టి ఉంచే స్టాండు అడుగు భాగం. ఫిల్ము రాకముందు, రసాయనం పూసిన తడి గాజు పలకల మీద ఫోటో తీసిన రోజుల్లో కొన్ని సెకన్ల పాటు కదలకుండా ఉండవలసి వచ్చేది, అందుకని రాజైనా గుమాస్తా అయినా మెడ వెనుక ఆ ఇనుప కొమ్ముకు తల ఆనించవలసిందే. నేను ఇంటికి వచ్చి వెతికితే ఇటువంటి చిత్రాలు ఇంటర్నెట్‌లో చాలావరకు కింది భాగం కత్తిరించి ఉన్నాయి. రాచఠీవి అని మనం అనుకునే ఆ బిగుసుకున్న చూపులో ఎంత వంశగౌరవమో, ఎంత ఇనుప స్టాండో అప్పటి నుంచి నాకు అనుమానమే.

హారం సంగతి వేరు. చీటీలో అవి కెంపులు అయి ఉండవచ్చని రాశారు, ఫోటోలో మాత్రం నల్లని గింజల్లా ఉన్నాయి. నేను ముద్ర పాడైందనుకున్నాను. మామ ఒక ప్రశ్న వేశారు: "మన డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బే ఎందుకు పెట్టేవాళ్ళం?" ప్రింట్లు వేసే కాగితానికి ఎరుపు కనబడదు కాబట్టి. ఆ కాలపు గాజు పలకలకూ అంతే, అవి నీలానికి బాగా స్పందించేవి, ఎరుపు వాటికి దాదాపు చీకటితో సమానం. అందుకే కెంపు నల్లబడుతుంది, ఆకాశం తెల్లబడిపోతుంది, ఎర్రటి జరీ శాలువా బొగ్గు రంగులోకి దిగుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివితే మరచిపోయేవాణ్ణి. చిన్నప్పుడు ఆ ఎర్ర వెలుతురులో, ఫోటోలు కడిగే హైపో మందు వాసన మధ్య మామ పక్కన నిలబడినవాణ్ణి కాబట్టి, ఆ నల్ల కెంపులు చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది.

ఆ ముద్రల్లో ఎక్కువ భాగం ఆల్బుమెన్ ప్రింట్లు, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసినవి. 1850లో ఫ్రాన్సులో బ్లాంకార్ ఎవ్రార్ దీన్ని పరిచయం చేశాడు. సొనలో ఉప్పు కలిపి కాగితానికి పూసి ఆరబెట్టి, తర్వాత సిల్వర్ నైట్రేట్ మీద తేల్చి, గాజు నెగటివ్‌ను దాని మీద పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ దిగుతుంది. నెగటివ్‌నే కాగితానికి ఆనించి వేస్తారు కాబట్టి గాజు పలక ఎంతుంటే ఫోటో అంతే ఉంటుంది. పన్నెండు అంగుళాల ఫోటో కనబడిందంటే అంతటి పలకను ఎవరో కెమెరాలో పెట్టి తీశారని అర్థం. 1888లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక్క కంపెనీయే ఈ కాగితానికి ఏడాదిలో 60 లక్షలకు పైగా గుడ్లు వాడింది. ఇది చదివి వినిపిస్తే, ఆ పచ్చసొనలన్నీ ఏం చేశారని మామ అడిగారు, దానికి నా దగ్గర జవాబు లేదు.

ముద్రకు ఊదా కలిసిన గోధుమ రంగు రావడానికి బంగారపు లవణం కలిపిన నీళ్ళలో ముంచేవారు, అందువల్ల రాజుగారి నగల్లోనే కాదు, ఆ కాగితంలోనూ లేశమంత బంగారం ఉంటుంది. ఏళ్ళు గడిచాక తెల్లసొన పసుపెక్కుతుంది. తెల్లటి తలపాగా టీ రంగుకు తిరిగి, అట్ట అంచు కింద వెలుతురు తగలని సన్నని గీత దగ్గర మాత్రం పాత ఊదా రంగు మిగిలి ఉండడం ఒక ఫోటోలో చూశాం. పక్క నుంచి చూస్తే పై పూత మీద వెంట్రుకవాసి బీటలు మెరుస్తాయి. స్కాన్ చేసేవాళ్ళు ఆ మెరుపునూ పసుపునూ సరిచేస్తారు. బొమ్మ బాగుపడుతుంది, దాని వయసు మాత్రం పోతుంది.

నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు లాలా దీన్ దయాళ్ గురించి మీరు వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన మనిషి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అని బిరుదు ఇచ్చాడు. ఆయన స్టూడియోలో వేసిన ప్రింట్లు ఆ ప్రదర్శనలో కొన్ని ఉన్నాయి, అట్ట మీద స్టూడియో పేరు వత్తి ఉంది, ఫోటో అడుగున తెల్లటి అంకెలు ఉన్నాయి. ఆ అంకెలు నెగటివ్ మీద నల్ల సిరాతో రాసినవి. కాంతి సోకనందున ముద్రలో తెల్లగా మిగులుతాయి, మామ కూడా గిరాకీ నెంబర్లు అలాగే రాసేవారట. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో దీన్ దయాళ్ ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. ఆ స్టూడియోలో తీసిన ఫోటో ఒక్కటైనా చూస్తానని ఆశపడ్డాను గానీ ఆ ప్రదర్శనలో లేదు.

చివరి గదిలో ఒక గాజు నెగటివ్‌ను కింద నుంచి దీపం వేసి పెట్టారు. నన్నడిగితే అన్ని ఫోటోల కన్నా అదే గొప్ప. నల్లని ముఖం, తెల్లని నీడ, ఆ ముఖం మీద సన్నని పెన్సిల్ గీతలు చీమల బారులా కనబడుతున్నాయి. మామ అక్కడ దాదాపు పావుగంట నిలబడ్డారు. ఎవరిదో తెలియని ఆ టచింగ్ చేతిని చూసి, "ఎడమ బుగ్గ మీద తొందరపడినాడు" అని మాత్రం అన్నారు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన మినహాయింపు. రాజుల ఫోటోలు పెట్టిన ప్రతి చోటా అసలు ప్రతులు ఉంటాయని అనుకోవద్దు. చాలా కోటల్లో, ప్యాలెస్‌లలో గోడలకు కనిపించేవి తర్వాతి కాలంలో పెద్దవి చేసి వేయించిన నకళ్ళు, వాటి కోసమే అయితే మీ ఫోనే మేలు. పక్కన చీటీలో ఆల్బుమెన్ ప్రింట్ అనో, దాని తర్వాత వాడుకలోకి వచ్చిన సిల్వర్ జెలటిన్ ప్రింట్ అనో రాసి, సంవత్సరం కూడా ఇచ్చి ఉంటే ముద్ర కాలం తెలుస్తుంది, రీప్రొడక్షన్ లేదా డిజిటల్ ప్రింట్ అని ఉంటే అది కొత్తది. చీటీయే లేకపోతే బాగా దగ్గరగా చూడండి, చుక్కలు చుక్కలుగా కనబడితే యంత్రం వేసిన ముద్ర. వెళ్ళే ముందు ఫోన్ చేసి అసలు ప్రతులు పెట్టారా అని అడగడం మంచిది, ఎందుకంటే వెలుతురు భయంతో వాటిని కొన్ని నెలలు చూపించి మళ్ళీ లోపల పెట్టేస్తారు. దగ్గరి చూపు కళ్ళద్దాలు తప్పక తీసుకెళ్ళండి, ఫ్లాష్ మాత్రం వేయకండి. అనంతపురం వైపు వాళ్ళయితే హైదరాబాద్ కన్నా బెంగళూరు దగ్గర, అక్కడ కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ ఉంది, ఏ ప్రదర్శన నడుస్తోందో చూసుకుని వెళ్ళవచ్చు. కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు చౌమహల్లా, సాలార్‌జంగ్ రెండూ శుక్రవారం మూసి ఉంటాయని గుర్తుపెట్టుకోండి.

తిరిగి వచ్చిన మరునాడు మామ వాళ్ళింటి వసారాలో కిటికీకి ఎదురుగా నలభై ఏళ్ళుగా వేలాడుతున్న తాతగారి ఫోటోను దించి, వెలుతురు పడని నడవ గోడకు మార్చారు. అక్కడైతే పూలదండ వేయడానికి ఎత్తు అందడం లేదని అత్త ఇప్పటికీ సాధిస్తూనే ఉంది, ఆయన మాత్రం దాన్ని కదిలించనివ్వడం లేదు.